పిడుగుకు దారి చూపిన గుమాస్తా: బెంజమిన్ ఫ్రాంక్లిన్



ప్రత్యేక సంచికకు ఒక మహనీయుని జీవితం రాసి ఇమ్మని మన సంఘం కార్యవర్గం వారు కోరినప్పుడు, కోయిలకుంట్ల వానిగా నాకు మొదట తోచిన పేర్లు వేరు. 1846లో ఇక్కడి ఖజానా మీద దాడి చేసి, 1847 ఫిబ్రవరి 22న ఈ ఊళ్లోనే ఉరికంబమెక్కిన ఉయ్యాలవాడ నరసింహారెడ్డి గారున్నారు. 1866 నాటి కరువులో ఆకలిగొన్నవారికి అన్నం పెట్టిన బుడ్డా వెంగళరెడ్డి గారున్నారు. వారి చరిత్ర మన ప్రాంతంలో పిల్లలకు కూడా తెలుసు, నాకంటే బాగా రాయగలవారూ ఉన్నారు. అందుచేత సముద్రాల అవతల పుట్టిన ఒక పెద్దమనిషిని ఎంచుకున్నాను.

దీనికి కారణాలు మూడు. ఆయన కూడా మనవలె గుమాస్తాగిరీ చేసినవాడు. లోకం ఆయనను గుర్తుపెట్టుకున్న పనులలో ఎక్కువ భాగం వ్యాపారం నుంచి విశ్రాంతి తీసుకున్న తరువాత చేసినవే. మూడవది అన్నింటికన్నా ముఖ్యం. ఈ రోజుల్లో మన ఇళ్లలో మనుమలు, మనుమరాళ్లు స్క్రూడ్రైవరు పట్టుకుని కంప్యూటరు మూత విప్పి లోపల చేతులు పెడుతున్నారు. ఆ చేతులను కాపాడే ఎర్తింగు అనే ఏర్పాటుకు మూలమైన ఆలోచనను లోకానికి చెప్పినవారిలో ఆయన ముఖ్యుడు. ఆయనే బెంజమిన్ ఫ్రాంక్లిన్.

ఫ్రాంక్లిన్ 1706 జనవరి 17న అమెరికాలోని బోస్టన్ పట్టణంలో పుట్టారు. అప్పటికి అమెరికా ఇంగ్లండు వారి వలస ప్రాంతం. తండ్రి కొవ్వొత్తులు, సబ్బులు చేసి అమ్ముకునేవాడు. ఆయనకు పదిహేడుమంది సంతానం, వారిలో ఫ్రాంక్లిన్ పదిహేనవవాడు. అంత సంసారంలో చదువు చెప్పించడం కష్టం గనుక రెండేళ్లు మాత్రమే బడికి పంపి మాన్పించారు. పన్నెండవ ఏట అన్నగారి అచ్చు కూటంలో పని నేర్చుకోవడానికి చేరారు. అన్నతో పొసగక 1723లో, పదిహేడేళ్ల వయసులో, చెప్పకుండా ఫిలడెల్ఫియా చేరుకున్నారు. అక్కడ సొంత అచ్చు కూటం పెట్టి, 1729లో ఒక పత్రికను కొని నడిపించి, 1732 నుంచి ప్రతి సంవత్సరం ఒక పంచాంగం వంటి పుస్తకం వేసి మంచి గడన సంపాదించారు. 1731లో చందాదారుల గ్రంథాలయం, 1736లో నిప్పు ఆర్పే స్వచ్ఛంద సంఘం ఆయన పూనికతోనే ఏర్పడినాయి.

ఆ 1736లోనే ఆయన పెన్సిల్వేనియా శాసనసభకు గుమాస్తాగా నియమితులై 1751 వరకు ఆ పనిలో ఉన్నారు. సభ్యులు గంటల తరబడి ప్రసంగిస్తుంటే గుమాస్తా కూర్చుని వినక తప్పదు కదా. ఆ విసుగు పోగొట్టుకోవడానికి ఎటు కూడినా ఒకే మొత్తం వచ్చే అంకెల గడులు వేస్తూ కూర్చునేవారట. మీటింగులకు మినిట్స్ రాసిన మన మిత్రులకు ఆ బాధ చెప్పవలసిన పని లేదు. 1737లో ఫిలడెల్ఫియా పోస్టుమాస్టరు పని కూడా ఆయనకు వచ్చింది.

1748లో, నలభై రెండవ ఏట, అచ్చు కూటాన్ని భాగస్వామికి అప్పగించి వ్యాపారం నుంచి విరమించుకున్నారు. పద్దెనిమిది సంవత్సరాల పాటు లాభంలో వాటా ఇచ్చే ఒప్పందం అది. ఒక విధంగా ఆయన తనకు తానే మంజూరు చేసుకున్న పెన్షను అనవచ్చు. ఆ తీరికను ఆయన విద్యుత్తు పరిశోధనకు పెట్టారు.

అంతకు రెండేళ్ల క్రితమే లండన్ నుంచి ఒక మిత్రుడు గ్రంథాలయానికి ఒక గాజు గొట్టం పంపి ఉన్నాడు. దానిని గుడ్డతో రుద్దితే నిప్పురవ్వలు వచ్చేవి. అప్పట్లో యూరపులో అది గారడీ వంటి వినోదం. విద్యుత్తు రెండు రకాల ద్రవాలని కొందరు పండితులు చెప్పేవారు. ఫ్రాంక్లిన్ వ్యాపారి, గుమాస్తా. ఆయన దానిని జమాఖర్చు పద్దులాగా చూశారు. రుద్దినందువల్ల విద్యుత్తు కొత్తగా పుట్టదు, ఒక వస్తువు నుంచి మరొక వస్తువుకు పోతుంది; ఒకచోట ఎక్కువైతే అంతే మొత్తం మరొకచోట తక్కువవుతుంది అన్నారు. ఎక్కువైన దానికి ప్లస్, తక్కువైన దానికి మైనస్ అని పేరు పెట్టారు. నేడు బ్యాటరీ సెల్లు మీద మనం చూసే గుర్తులు అవే. ఆయన ఏ వైపును ఎక్కువ అనుకున్నారో అది తారుమారని 1897లో ఎలక్ట్రాను బయటపడిన తరువాత తేలింది. అయినా మొత్తం మారదన్న లెక్క నేటికీ నిలిచి ఉంది. ఆ లెక్కలో భూమి పెద్ద ఖజానా వంటిది. ఎంత జమ చేసినా, ఎంత తీసుకున్నా దాని నిల్వలో తేడా కనిపించదు. ఎక్కువైన విద్యుత్తును భూమికి చేర్చితే అది శాంతిస్తుంది. ఎర్తింగుకు పునాది ఈ సూత్రమే.

ఈ పరిశోధనలలో ఆయనకు ఒక గట్టి దెబ్బ కూడా తగిలింది. ఆ రోజుల్లో విద్యుత్తును నిలవ చేయడానికి గాజు జాడీకి లోపల, వెలుపల లోహపు రేకు అతికించి వాడేవారు. హాలండులోని లైడెన్ పట్టణం పేరు మీద దానిని లైడెన్ జాడీ అంటారు. 1750 డిసెంబరు 23న రెండు పెద్ద జాడీలలో నిలవ చేసిన విద్యుత్తుతో ఒక టర్కీ కోడిని చంపి చూపించాలని ఆయన సిద్ధపడ్డారు. పక్కనున్న వారు మాటలాడుతుండగా ఒక చేయి జాడీల పై తీగలకు తగిలింది, రెండవ చేతిలో జాడీల వెలుపలి రేకుకు కలిపిన గొలుసు ఉంది. విద్యుత్తు ఒక చేతి నుంచి రెండవ చేతికి ఛాతీ గుండా పోయింది. చూసినవారికి మెరుపు, చప్పుడు తెలిశాయి గాని, స్పృహ తప్పినందువల్ల ఆయనకు ఏదీ తెలియలేదు. మరునాటి ఉదయం దాకా చేతులు మొద్దుబారి ఉన్నాయి, రొమ్ము ఎముక కొన్నాళ్లు నొప్పి పెట్టింది. రెండు రోజుల తరువాత ఆయన ఆ సంగతంతా తానే జాబు రాసి, ఇతరులు జాగ్రత్తపడాలని కోరారు.

ఈ సంగతి ఇంత వివరంగా చెప్పడానికి కారణం ఉంది. ఆ లైడెన్ జాడీ నేటి కంప్యూటరులో కూడా ఉన్నది. దానిని ఇప్పుడు కెపాసిటరు అంటారు. కరెంటు తీగ వచ్చి చేరే పవర్ సప్లై డబ్బాలో వేలెడంత కెపాసిటర్లు ఉంటాయి. మన 230 వోల్టుల కరెంటు అక్కడ సుమారు 325 వోల్టుల డీసీగా మారి వాటిలో నిలవ ఉంటుంది. స్విచ్చి ఆపినా, ప్లగ్గు పీకినా ఆ నిలవ వెంటనే పోకపోవచ్చు. పాతకాలపు లావుపాటి మానిటర్ల గాజు గొట్టంలోనైతే ఇరవై వేల వోల్టులకు పైగా ఉండేది. కనుక కంప్యూటరు మూత తీసి దుమ్ము దులపవచ్చు, మెమరీ కార్డు మార్చవచ్చు గాని, లోపలి పవర్ సప్లై డబ్బాను, పాత మానిటరును విప్పడం ఇంటివారి పని కాదు. కరెంటు పని చేసే పాత మేస్త్రీలు ఒక చేయి జేబులో పెట్టుకోమని చెప్పేవారు. రెండు చేతులూ తగిలితే కరెంటు గుండె మీదుగా పోతుందనే ఆ జాగ్రత్త. ఫ్రాంక్లిన్ గారికి ఆనాడు జరిగింది సరిగ్గా అదే.

ఇక పిడుగు విషయం. మేఘాలలోని మెరుపు, జాడీలోని నిప్పురవ్వ ఒకటేనని ఆయన ఊహించారు. ఎత్తైన మొనదేలిన ఇనుప కడ్డీతో మేఘంలోని విద్యుత్తును పరీక్షించవచ్చని రాశారు. ఆయన జాబులు 1751లో లండన్‌లో పుస్తకంగా వచ్చాయి. దానిని చదివిన ఫ్రాన్సు దేశస్థులు 1752 మే 10న మార్లీ అనే గ్రామంలో నలభై అడుగుల కడ్డీని గాజు సీసాల మీద నిలబెట్టి, ఉరుము వచ్చినప్పుడు దాని నుంచి రవ్వలు రాబట్టారు. ఏర్పాటు చేసిన పండితుడు ఆ సమయానికి ఊళ్లో లేడు. దగ్గరకు వెళ్లి రవ్వ తీసినవాడు ఒక విశ్రాంత సైనికుడు. రిటైరైన వారి ధైర్యానికి ఇదొక దృష్టాంతం!

ఈ వార్త తనకు చేరకముందే ఫ్రాంక్లిన్ 1752 జూన్‌లో కుమారుని తోడుతో పట్టు గుడ్డ గాలిపటం ఎగురవేశారు. జనపనార దారం చివర తాళపుచెవి కట్టి, దానికింద పట్టు దారం కట్టి, ఆ పట్టు దారం తడవకుండా తాను కప్పు కింద నిలబడ్డారు. తడిసిన జనపనార విద్యుత్తును తెస్తుంది, పొడి పట్టు దానిని తన చేతికి రానివ్వదు. తాళపుచెవి వద్దకు వేలి కణుపు తెస్తే రవ్వ వచ్చింది. చాలామంది అనుకున్నట్టు ఆ గాలిపటం మీద పిడుగు పడలేదు. పడి ఉంటే ఆయన బతికి బయటపడేవారు కారు.

అందుకు సాక్ష్యం మరుసటి సంవత్సరమే దొరికింది. 1753 ఆగస్టు 6న రష్యాలోని సెయింట్ పీటర్స్‌బర్గ్‌లో రిచ్‌మన్ అనే శాస్త్రజ్ఞుడు ఇంటి కప్పు మీది కడ్డీ నుంచి గదిలోకి తీగ తెచ్చి కొలతలు తీస్తుండగా పిడుగుపాటుకు గురై మరణించారు. ఆయన తీగ భూమికి చేరలేదు, గదిలోనే ఆగిపోయింది. భూమికి వేరే దారి లేనందున విద్యుత్తు ఆయన తల నుంచి కాలి దాకా ఆ శరీరాన్నే దారి చేసుకుంది.

ఫ్రాంక్లిన్ 1753 పంచాంగంలో ఇళ్లను కాపాడుకునే పద్ధతి అందరికీ అర్థమయ్యేటట్టు అచ్చు వేశారు. కడ్డీ పై కొన ఇంటి కప్పు కంటే ఆరు నుంచి ఎనిమిది అడుగులు ఎత్తు ఉండాలి. కింది కొన మూడు నాలుగు అడుగుల లోతున తడి నేలలో దిగి ఉండాలి. తడి నేల అన్న మాటను మనం గట్టిగా పట్టుకోవాలి. 1760లో ఫిలడెల్ఫియాలో ఒక వర్తకుని ఇంటి మీద పిడుగు పడితే కడ్డీ మొన కరిగింది గాని ఇంటికి, ఇంటివారికి ఏమీ కాలేదు. ఈ కడ్డీకి గాని, తాను కనిపెట్టిన పొయ్యికి గాని ఆయన పేటెంటు తీసుకోలేదు. మనం ఇతరుల కల్పనల వల్ల లాభపడుతున్నప్పుడు మన కల్పనలను ఉచితంగా ఇవ్వడం ధర్మమని ఆయన మతం.

ఇప్పుడు మన ఊరికి వద్దాం. మనది నల్లరేగడి భూమి. దాని అడుగున సున్నపురాయి. భూగర్భ శాస్త్రవేత్తలు ఒక పొరకు కోయిలకుంట్ల సున్నపురాయి అనే పేరు పెట్టారు. రేగడి తడిగా ఉంటే కరెంటును బాగా తీసుకుంటుంది. ఎండాకాలంలో ఎండి నెర్రెలు విచ్చితే గుంతలో పాతిన పైపును మట్టి వదిలేస్తుంది. రాతి నేల సంగతి సరేసరి. అందుకే ఎర్తు గుంతలో పైపు చుట్టూ బొగ్గు, ఉప్పు నింపి, పైన గరాటు పెట్టి నీళ్లు పోయమంటారు. ఇది పల్లెటూరి చాదస్తం కాదు. ఫ్రాంక్లిన్ చెప్పిన తడి నేలను మనం చేతులతో తయారు చేసుకోవడమే.

తొంభైల చివర నేను పనిచేసిన ఒక కార్యాలయానికి కంప్యూటర్లు వచ్చాయి. చెప్పులు బయట విడిచి గుడిలోకి వెళ్లినట్టు ఆ గదిలోకి వెళ్లేవారం. మే నెలలో ఆ ఇనుప డబ్బాలను తాకితే చేయి జివ్వుమనేది. యంత్రమే చెడిపోయిందని అందరూ అనుకున్నారు. మేస్త్రీ వచ్చి ఫేజుకు, ఎర్తుకు మధ్య బల్బు పెట్టి చూస్తే అది మిణుకుమిణుకుమని వెలిగింది. పెరట్లో గుంత చూస్తే మట్టి పైపును విడిచి వేలు పట్టేంత సందు ఉన్నది, తీగ బిగించిన క్లాంపు తుప్పు పట్టి ఉన్నది. క్లాంపు మార్చి, బొగ్గు, ఉప్పు నింపి, నాలుగు బిందెల నీళ్లు పోశారు. మరునాటికి బల్బు నిండుగా వెలిగింది, జివ్వుమనడం పోయింది. ఆ వేసవి అంతా గుంతకు నీళ్లు పోసే పని అటెండరుకు అప్పగించబడింది.

జివ్వుమనడానికి కారణం ఏమిటో తరువాత తెలుసుకున్నాను. పవర్ సప్లైలో కరెంటులోని మలినాలను భూమికి పంపడానికి రెండు చిన్న కెపాసిటర్లు ఉంటాయి. ఎర్తు లేకపోతే అవి పంపవలసిన కరెంటుకు దారి లేక, ఇనుప డబ్బా మీద దాదాపు సగం వోల్టేజి, అనగా నూట పదిహేను వోల్టులు, నిలుస్తుంది. ఆ కరెంటు చాలా స్వల్పం గనుక జివ్వుమని ఊరుకుంటుంది. కాని లోపల ఫేజు తీగ చెడి డబ్బాకు తగిలిన రోజున అదే డబ్బా ప్రాణం తీస్తుంది. ఎర్తు సరిగా ఉంటే కరెంటు భూమికి ఉరికి, ఫ్యూజు పోయి, మనిషి బతుకుతాడు. ప్లగ్గుకు మూడవ పిన్నును లావుగా, పొడవుగా చేసింది కూడా అందుకే. అది అందరికంటే ముందు తగలాలి, అందరికంటే ఆఖరున విడిపోవాలి. అటువంటి పిన్నును విరగ్గొట్టి రెండు రంధ్రాల బోర్డులో దూర్చేవారిని, ఎర్తుకు బదులు న్యూట్రల్ తీగ కలిపి పని అయిందనిపించేవారిని మనం చూస్తూనే ఉన్నాం. న్యూట్రల్ తీగ ఎక్కడైనా తెగితే ఆ డబ్బాకు పూర్తి కరెంటు వస్తుంది.

కంప్యూటరు లోపల పనిచేసేటప్పుడు మరొక చిత్రం ఉంది. అక్కడ యంత్రం వల్ల మనిషికే కాదు, మనిషి వల్ల యంత్రానికీ ప్రమాదమే. పొడి గాలిలో నైలాను బట్టలతో, ప్లాస్టిక్ కుర్చీలో కదిలితే మన ఒంటి మీద ఫ్రాంక్లిన్ గాజు గొట్టం మీద వలెనే విద్యుత్తు చేరుతుంది. సుమారు మూడు వేల వోల్టులు ఉంటే తప్ప ఆ రవ్వ మన వేలికి తెలియదు. కంప్యూటరులోని కొన్ని చిప్పులు వంద వోల్టుల లోపే చెడిపోతాయి. అందుకే పనివారు మణికట్టుకు పట్టీ కట్టుకుని ఎర్తుకు కలుపుతారు. ఆ పట్టీ తీగలో పది లక్షల ఓముల నిరోధం ఉంటుంది. ఒంటి మీది విద్యుత్తు మెల్లగా భూమికి పోతుంది. పొరపాటున 230 వోల్టులు తగిలినా ఒంట్లో పారేది మిల్లీ ఆంపియరులో నాలుగవ వంతు కూడా ఉండదు. నిరోధం లేని ఉత్త రాగి తీగను చేతికి చుట్టుకుని ఎర్తుకు కట్టడం మాత్రం రిచ్‌మన్ గారి వలె మన శరీరాన్నే దారి చేయడం అవుతుంది. అటువంటి పని ఎవరూ చేయరాదు.

ఫ్రాంక్లిన్ కడ్డీకి ఆటంకాలు రాకపోలేదు. దేవుని ఆయుధాన్ని అడ్డుకోవడం పాపమని కొందరు మతగురువులు వాదించారు. 1755లో బోస్టన్‌కు భూకంపం వస్తే, కడ్డీలు భూమిలోకి విద్యుత్తు దించడమే కారణమని ఒక గురువు అనుమానించాడు. మన పెద్దలు ఉరిమితే అర్జునుని పేర్లు తలుచుకునేవారు. తలుచుకోవడంలో తప్పు లేదు. తలుచుకుంటూనే చెట్టు కింద నిలబడకుండా ఇంట్లోకి రావాలి, కంప్యూటరు ప్లగ్గు, ఇంటర్నెట్టు తీగ, టీవీ కేబులు పీకి ఉంచాలి. దగ్గరలో పడిన పిడుగుకు ఇంటి ఎర్తు ఒక్కటే చాలదు. నేడు విపత్తుల సంస్థ వారు ఫోన్లకు పిడుగు హెచ్చరికలు పంపుతున్నారు, వాటిని చూసి ఊరుకోరాదు.

విద్యుత్తు పరిశోధనలకు గాను 1753లో లండన్ రాయల్ సొసైటీ వారు ఆయనకు కోప్లీ పతకం ఇచ్చారు. ఆ పేరు తరువాత రాజకీయాలలో అక్కరకు వచ్చింది. 1776లో స్వాతంత్ర్య ప్రకటన తయారు చేసిన సంఘంలో ఆయన ఒకరు. డెబ్బయ్యవ ఏట ఫ్రాన్సుకు రాయబారిగా వెళ్లి 1778లో సంధి కుదిర్చారు, 1783లో ఇంగ్లండుతో శాంతి ఒప్పందం మీద సంతకం చేశారు. 1787లో ఎనభై ఒక్క ఏళ్ల వయసులో రాజ్యాంగ సభలో కూర్చున్నారు. ఆయన జీవితంలో మచ్చ లేదనలేము. ఆయన ఇంట బానిసలు ఉండేవారు. ఇంగ్లండు పక్షం వహించిన కుమారునితో మనసులు కలవలేదు. కాని చివరి దశలో బానిసత్వ నిర్మూలన సంఘానికి అధ్యక్షుడై, 1790లో కాంగ్రెసుకు మహజరు పంపారు. అదే సంవత్సరం ఏప్రిల్ 17న, ఎనభై నాలుగవ ఏట కన్నుమూశారు. బోస్టన్, ఫిలడెల్ఫియా పట్టణాలకు వెయ్యేసి పౌండ్లు ఇచ్చి, చేతిపనుల యువకులకు అప్పులిస్తూ రెండు వందల ఏళ్లు నడపమని వీలునామా రాశారు. ఆ గడువు 1990లో ముగిసింది.

మిత్రులారా, ఆయన రాయబారాలు మనం చేయలేము. కాని పద్దు సరిచూసే అలవాటు మనకూ ఉంది. ఈ నెలలో ఒక ఆదివారం తెలిసిన మేస్త్రీని పిలిపించి ఇంటి ఎర్తు పరీక్ష చేయించండి. 30 మిల్లీ ఆంపియర్లకే కరెంటు ఆపివేసే ఇ.ఎల్.సి.బి. లేకపోతే పెట్టించండి. గుంతలో నీళ్లు పోయించండి. మనుమడు కంప్యూటరు విప్పుతానంటే కోప్పడవద్దు. ముందు ప్లగ్గు పూర్తిగా పీకమనండి, ఎందుకంటే వైరింగు తారుమారైన ఇళ్లలో స్విచ్చి ఆపినా ఫేజు లోపలే ఉంటుంది. తరువాత పవర్ బటను కొన్ని సెకండ్లు నొక్కి పట్టుకోమనండి. లోపలి రంగు లేని ఇనుమును ఒకసారి తాకి, ఆ పైన పని మొదలుపెట్టమనండి. పవర్ సప్లై డబ్బా మాత్రం విప్పవద్దని గట్టిగా చెప్పండి.

సభ్యులందరికీ, వారి కుటుంబాలకు ఆయురారోగ్యాలు కలగాలని కోరుతూ సెలవు.